యాప్‌లో పచ్చరంగు, ఇంటి నిండా పొగ: మన పొలాల మంటలు ఎవరి లెక్కలోనైనా ఉన్నాయా?

హన్మకొండ_మేడమీద
యాసంగి కోతలు మొదలైనప్పటి నుంచి పొద్దుగూకితే చాలు, హసన్‌పర్తి వైపు నుంచి పొగ వచ్చి మా కాలనీ మీద కూర్చుంటోంది. కిటికీలన్నీ మూసినా గొంతులో మంట తగ్గదు. మా అమ్మకు ఆయాసం, రాత్రి పదింటి దాకా కూర్చునే ఉంటుంది. ఆ టైమ్‌లో గాలి నాణ్యత చూపించే యాప్ తెరిస్తే పచ్చరంగు, పక్కన 42, కింద ‘బాగుంది’ అని. పొద్దున చూసినా అదే. ఈ నంబరు ఎక్కడి నుంచి వస్తోంది? మా ఊరి గాలిని ఎవరైనా కొలుస్తున్నారా, లేక ఊరికే రాసేస్తున్నారా?

కాజీపేట_లోకో
మా దగ్గరా ఇదే. రాత్రి డ్యూటీ నుంచి వస్తుంటే స్టేషన్ లైట్ల చుట్టూ పొగ కనిపిస్తోంది. యాప్ మాత్రం పచ్చగానే ఉంటుంది.

సెన్సర్_పిచ్చి
మా బాల్కనీలో చిన్న పీఎం 2.5 సెన్సర్ పెట్టాను. అంటే గాలిలోని అతి సన్నని నుసిని ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని చూపించేది. పగలంతా 30, 40 మధ్య తిరుగుతుంది. రాత్రి ఎనిమిది తర్వాత 200 దాటుతుంది, ఒక్కోసారి 300. తెల్లవారేసరికి మళ్లీ మామూలే. అంటే పొగ నిజం, యాప్ అబద్ధం.

గాలి_లెక్క
అబద్ధం అనడం కన్నా, అది కొలిచిన నంబరు కాదనడం సరైన మాట. నా పని గాలి మోడళ్ల (గాలిలో కాలుష్యాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టే పద్ధతుల) మీదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

దగ్గరలో కొలిచే స్టేషన్ లేకపోతే ఇలాంటి యాప్‌లు చాలావరకు మోడల్ అంచనాను చూపిస్తాయి. యూరప్ వాళ్ల కోపర్నికస్ వాతావరణ సేవ ఇచ్చే ప్రపంచ అంచనా అందులో బాగా వాడుకలో ఉన్నది. అది నేలను గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది, గడి ఒక్కొక్కటి దాదాపు 40 కిలోమీటర్ల చదరం. అంటే ఒక్క గడిలో 1,600 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో చెప్పాలంటే సుమారు 4 లక్షలు. హన్మకొండ, కాజీపేట, ఖిలా వరంగల్, చుట్టూ ఉన్న పొలాలు అన్నీ కలిపినా ఒకటి రెండు గడులు దాటవు. ఆ మొత్తానికి ఒకటే నంబరు. మీ కాలనీ మీద కూర్చున్న పొగ ఆ సగటులో కలిసిపోతుంది.

రెండో సంగతి. మన దేశంలో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) పీఎం 2.5 కోసం 24 గంటల సగటును తీసుకుంటుంది. 21 గంటలు 35, మూడు గంటలు 250 ఉందనుకోండి. సగటు 62 వస్తుంది. 24 గంటల ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ఆ మూడు గంటలు ఊపిరాడకపోయినా కాగితం మీద గీత దాటీ దాటనట్టే ఉంటుంది.

ఊపిరి_ఓపీ
ఆ మూడు గంటలే మా ఓపీలో కనిపిస్తాయి. ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లకు రోజు సగటు కన్నా ఆ కొద్ది గంటల ఎక్కువ మోతాదే దెబ్బ కొడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటల పీఎం 2.5 పరిమితిని 15కి తగ్గించింది. మనది 60. కాబట్టి పచ్చరంగు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. మేడమీద గారూ, అమ్మగారికి ఇన్‌హేలర్ డాక్టర్ చెప్పినట్టు రోజూ వాడించండి, పొగ వచ్చిన రోజు మాత్రమే కాదు. ఎన్95 మాస్క్ నుసిని చాలావరకు ఆపుతుంది కానీ కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాయువులను ఆపదు.

యాసంగి_పొలం
ఈ చర్చ ఎటు పోతుందో నాకు తెలుసు. చివరికి రైతు మీదికే వస్తుంది. అందుకే ముందే రాస్తున్నాను. మాది పరకాల దగ్గర. మా ఊళ్లో కొయ్యకాళ్లకు అగ్గి పెట్టేది నిజం. ఎందుకు పెడతారో కూడా వినండి. హార్వెస్టర్ కోస్తే మోకాలి ఎత్తు కొయ్యలు మిగులుతాయి, పైన గడ్డి చెల్లాచెదరుగా పడుతుంది. పశువులు ఉన్న ఇళ్లు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బేలర్ (గడ్డిని కట్టలు కట్టే మిషన్) వాడు రోడ్డు పక్కన పొలాలకే వస్తాడు, లోపలికి రాడు.

సైన్స్_టీచర్_జనగామ
పొలం అన్నా, ఒక్క ప్రశ్న. పంజాబ్‌లో వరి కోతకు, గోధుమ విత్తడానికి మధ్య రెండు మూడు వారాలే ఉంటుందని, అందుకే కాలుస్తారని అంటారు. మనకు యాసంగి కోత ఏప్రిల్, మే నెలల్లో అయిపోతే వానాకాలం నాట్లు జూలై దాకా లేవు కదా. ఇంత వ్యవధి ఉన్నా ఎందుకు కాల్చడం?

యాసంగి_పొలం
వ్యవధి ఉంది టీచరమ్మా, నీళ్లు లేవు. మే ఎండల్లో కాలువ బంద్ అవుతుంది. తడి లేకుండా కొయ్యలు మురగవు. రోటవేటర్ వేసి దున్నినా గడ్డి గడ్డిలాగే ఉంటుంది. నాట్లప్పుడు నీళ్లు పెడితే పైకి తేలుతుంది, కేజీవీల్స్‌కు (దమ్ము చేసే ట్రాక్టర్ ఇనుప చక్రాలకు) చుట్టుకుంటుంది. సగం మురిగిన గడ్డి మీద నాటు వేస్తే మొక్క పసుపు పచ్చబడి పోతుంది. సూపర్ ఫాస్ఫేట్ చల్లి దున్నమని వ్యవసాయ అధికారులు చెబుతారు. అది పనిచేస్తుంది, నేనూ ఒక మడిలో చేశాను. కానీ దానికీ ఒక తడి కావాలి. డీజిల్ ఖర్చు సంగతి సరేసరి. అగ్గిపుల్ల రూపాయి కూడా కాదు.

నర్సంపేట_మిర్చి
పొలం అన్న చెప్పింది వరి సంగతి. మాకు మిరప కట్టె, పత్తి కట్టె. పత్తి కట్టె పొలంలో ఉంచితే గులాబీ రంగు పురుగు వచ్చే ఏడాదికి కూడా మిగులుతుందని వ్యవసాయ అధికారులే చెబుతారు. పీకి కుప్ప వేసి కాలిస్తే పొగ అంటారు. ముక్కలు చేసే మిషన్ మండలానికి ఒకటి కూడా దొరకదు.

గాలి_లెక్క
మిర్చి గారు చెప్పింది మాకు చాలా పనికొచ్చే సమాచారం. మంటల ఉద్గారాలు (మంట నుంచి వెలువడే కాలుష్యం) లెక్కగట్టే పద్ధతి 1980లో సైలర్, క్రట్జెన్ ఇచ్చారు. ఇప్పటికీ చాలా లెక్కలకు పునాది అదే. కాలిన విస్తీర్ణం, ఎకరానికి ఉన్న గడ్డి బరువు, అందులో నిజంగా కాలిన భాగం, కిలో కాలితే ఎన్ని గ్రాముల కాలుష్యం వస్తుందనే గుణకం. ఈ నాలుగింటినీ గుణించడమే. వినడానికి తేలిక. మన దగ్గర ఆ నాలుగూ అనుమానమే.

గుణకం సంగతే చూడండి. పంట వ్యర్థాలన్నిటికీ కలిపి ఒకే గుణకం వాడతారు, కిలోకు సుమారు 6 నుంచి 8 గ్రాముల పీఎం 2.5. ఎండిన వరి గడ్డి భగ్గున మండిపోతుంది. పత్తి కట్టె కుప్ప రాత్రంతా కుములుతుంది. మంటగా మండితే నల్లమసి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ. కుమిలితే కార్బన్ మోనాక్సైడ్, సేంద్రియ నుసి, ఘాటు వాయువులు ఎక్కువ. మోడల్‌కు రెండూ ఒకటే.

కాజీపేట_లోకో
లెక్క అన్నా, ఒక ఎకరం కాలిస్తే ఎంత పొగో మామూలు లెక్కలో చెప్పు.

గాలి_లెక్క
ఎకరంలో 2 టన్నుల గడ్డి, కొయ్యలు కాలాయనుకుందాం. 12 నుంచి 16 కిలోల పీఎం 2.5 వస్తుంది. ఒక సాయంత్రం నాలుగైదు ఊళ్ల మధ్య వంద ఎకరాలు కాలిస్తే తక్కువలో తక్కువ 1,200 కిలోలు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పొగ ఐదు కిలోమీటర్ల పొడవు, ఐదు కిలోమీటర్ల వెడల్పు ప్రాంతంలో పరుచుకుంది, గాలి కదలడం లేదనుకోండి. మే నెల మధ్యాహ్నం నేల వేడికి గాలి 2,000 మీటర్ల ఎత్తు దాకా కలగలుస్తుంది. అప్పుడు ఘనపు మీటరుకు 24 మైక్రోగ్రాములు పెరుగుతుంది. అదే పొగ పొద్దుగూకాక 200 మీటర్ల పొరలో ఇరుక్కుంటే 240. గడ్డి అదే, పొలం అదే. అగ్గి పెట్టిన గంట మారితే మనిషి పీల్చేది పదింతలు. సెన్సర్_పిచ్చికి రాత్రి ఎనిమిది తర్వాత 200 దాటుతున్నది ఇందుకే.

యాసంగి_పొలం
సాయంత్రమే ఎందుకు పెడతామంటే మధ్యాహ్నం వడగాలికి మంట పక్క పొలంలోకి, మోటారు పైపుల మీదికి, తాటిచెట్ల మీదికి పోతుంది. పొద్దుగూకాక గాలి తగ్గుతుంది, మంట చెప్పినట్టు వింటుంది.

హన్మకొండ_మేడమీద
అంటే మీకు మంట అదుపులో ఉండే టైమే మాకు పొగ నిలిచే టైమ్.

గాలి_లెక్క
అవును. మోడల్ తప్పేది కూడా అక్కడే. మోడల్‌కు మంటల లెక్క ఎక్కువగా ఉపగ్రహాల నుంచే వస్తుంది. మంటలను పట్టే ముఖ్యమైన ఉపగ్రహ పరికరాలు మోడిస్, వీర్స్. వీర్స్ ఉన్న ఉపగ్రహాలు మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. ఏడింటికి పెట్టి ఏడున్నరకు ఆరిపోయిన వరి మంట రెండింటికీ దొరకదు.

దొరికిన మంటల విషయంలో ఇంకో చిక్కు ఉంది. రోజు మొత్తం ఉద్గారాన్ని గంటలకు పంచేటప్పుడు చాలా మోడళ్లు మధ్యాహ్నం ఎక్కువ, రాత్రి తక్కువ అన్న పద్ధతి వాడతాయి. అడవి మంటలకు అది చాలావరకు సరిపోతుంది. మన పొలాలకు తలకిందులు. దాంతో మన సాయంత్రపు పొగను మోడల్ మధ్యాహ్నపు 2,000 మీటర్ల గాలిలో కలిపేస్తుంది.

భూపాలపల్లి_బొగ్గు
పంజాబ్ రైతులు ఉపగ్రహం పోయాక కాలుస్తున్నారని 2024లో వార్తలు వచ్చాయి. ఇక్కడ కూడా అదే తెలివి కాదా?

యాసంగి_పొలం
మా నాన్నకు ఉపగ్రహం టైమ్ తెలియదు తమ్మీ, గాలి టైమ్ తెలుసు. ఆ ఉపగ్రహాలు పుట్టకముందు నుంచీ సాయంత్రమే పెడుతున్నారు.

సైన్స్_టీచర్_జనగామ
వీర్స్ పటంలో ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం కదా. అంటే దాదాపు 35 ఎకరాలు. మన దగ్గర ఒక్కో రైతుకు రెండు మూడు ఎకరాలే. మధ్యాహ్నం కాల్చినా కనిపించదేమో?

గాలి_లెక్క
కనిపించే అవకాశం ఉంది టీచర్ గారూ. ఉపగ్రహం పొలం ఆకారాన్ని చూడదు, వేడిని చూస్తుంది. మంట చుట్టూ నేల కన్నా ఎన్నో రెట్లు వేడిగా ఉంటుంది కాబట్టి చుక్కలో చిన్న భాగం మండినా తెలుస్తుంది. మోడిస్ చుక్క ఒక కిలోమీటరు అయినా, వెయ్యి చదరపు మీటర్ల మంటను మామూలుగా పడుతుంది. ఎకరం అంటే 4 వేల చదరపు మీటర్లు. కాబట్టి పరిమాణం కన్నా టైమే ఎక్కువ అడ్డం. అయితే కాలిన నల్ల మచ్చను బట్టి విస్తీర్ణం లెక్కగట్టే పద్ధతిలో మీ అనుమానం నూటికి నూరు పాళ్లు నిజం. దాని చుక్క 500 మీటర్లు, మన మడి అందులో కనిపించకుండా పోతుంది. కాల్చిన మర్నాడే దున్నితే ఆ మచ్చ కూడా మిగలదు.

ములుగు_తునికాకు
అందరూ వరి మీదే పడ్డారు. మార్చి, ఏప్రిల్‌లో మా వైపు అడవి చూడండి. టేకు ఆకు రాలి మోకాలి లోతు ఉంటుంది. ఇప్ప పువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద చిన్న మంట పెడతారు, తునికి చిగురు బాగా రావాలని కూడా పెడతారు. అది గుట్ట దాటి పోతుంది. ఏటూరునాగారం వైపు రాత్రి గుట్టల మీద మంట గీతలు కనిపిస్తాయి. గోదావరి అవతల గడ్చిరోలి, ఇటు ఛత్తీస్‌గఢ్ అడవుల మంటలూ కలుస్తాయి. వరంగల్ పొగలో ఆ వాటా లేదంటారా?

గాలి_లెక్క
ఉంటుంది. అడవి మంటలు రాత్రంతా సాగుతాయి కాబట్టి ఉపగ్రహానికి దొరుకుతాయి. ఆకు రాలిన కాలం కావడంతో కింది మంట పైకి కనిపిస్తుంది కూడా. అక్కడ చిక్కు ఇంకోటి. మన దగ్గర ఉన్న ఆకు రాల్చే పలుచని అడవిని ఉపగ్రహ పటాలు సవన్నా (అక్కడక్కడ చెట్లున్న గడ్డి మైదానం) అని గుర్తించే అవకాశం ఉంది. సవన్నా గడ్డి కిలో కాలితే కార్బన్ మోనాక్సైడ్ దాదాపు 63 గ్రాములు, ఉష్ణమండల అడవికి 93 గ్రాములు. పటంలో పేరు మారితే పొగ లెక్క మూడో వంతు తేడా వస్తుంది.

భూపాలపల్లి_బొగ్గు
మా చెల్పూరు థర్మల్ ప్లాంటు, రామగుండం ఎన్టీపీసీ ఏడాది పొడవునా మండుతున్నాయి. వాటిని వదిలేసి నెల రోజుల గడ్డి మంటల మీద ఇంత చర్చ ఎందుకు?

గాలి_లెక్క
వదిలేయకూడదు. అయితే వాటి పొగ గొట్టం చాలా ఎత్తు, ఏ గంటకు ఎంత బొగ్గు కాలిందో లెక్క ఉంటుంది. గడ్డి మంట మనిషి ముక్కు ఎత్తులో వస్తుంది, లెక్క ఎక్కడా లేదు. ఏది ఎంతో విడదీసే పద్ధతులు ఉన్నాయి. కట్టెలో, గడ్డిలో ఉండే సెల్యులోజ్ కాలితే లీవోగ్లూకోసాన్ అనే పదార్థం వస్తుంది, డీజిల్ కాలితే రాదు. ఫిల్టర్ మీద అది దొరికితే అక్కడ గడ్డో కట్టో కాలినట్టు. కార్బన్-14 ఇంకో సాక్ష్యం. కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో అది మిగలదు, నిన్నటి గడ్డిలో ఉంటుంది. మాల్దీవుల్లో, పశ్చిమ భారతంలో తీసిన నమూనాలను ఇలా చూసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, దక్షిణాసియా మసిలో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతులు కట్టె, పిడక, గడ్డి లాంటివి కాల్చడం వల్లే అని తేలింది.

ఊపిరి_ఓపీ
అందులో కట్టెల పొయ్యి వాటా కూడా ఉందని గుర్తుంచుకోవాలి. ఎప్పుడూ సిగరెట్ ముట్టని ఆడవాళ్లు సీఓపీడీతో వస్తుంటారు.

సెన్సర్_పిచ్చి
నా సెన్సర్ రీడింగులు పెడితే మోడల్‌ను సరిచేయొచ్చు కదా? ఇంతకన్నా ఏం కావాలి?

గాలి_లెక్క
పెట్టండి, కానీ పక్కన తేమ కూడా రాయండి. చిన్న సెన్సర్లు కాంతి చెదరడాన్ని బట్టి లెక్కిస్తాయి. తేమ 80 శాతం దాటితే నుసి నీటిని పీల్చి ఉబ్బుతుంది, సెన్సర్ ఎక్కువ చూపిస్తుంది. డిసెంబర్ మంచులో వచ్చిన 300ను, మే నెల పొడి గాలిలో వచ్చిన 300ను ఒకటిగా చూడలేం. మీ మే రీడింగులను నేను ఎక్కువ నమ్ముతాను.

సైన్స్_టీచర్_జనగామ
మోడల్‌లో ఉద్గారాలు తక్కువ వస్తున్నాయని తెలిసినప్పుడు రెండు మూడు రెట్లు పెంచేస్తే సరిపోదా? అలా చేస్తారని చదివాను.

గాలి_లెక్క
చేస్తారు. ఆకాశమంతటి నుసి ఎంత వెలుగును ఆపుతోందో ఉపగ్రహం కొలుస్తుంది, దానికి సరిపోయేదాకా పెంచుతారు. నాకు ఆ పద్ధతి మీద గట్టి అభ్యంతరం ఉంది. అది నేల నుంచి పైదాకా మొత్తం కలిపిన కొలత. పొగ 2,000 మీటర్లలో ఉన్నా, 200 మీటర్లలో ఉన్నా ఆ కొలత దాదాపు ఒకటే. మొత్తం సరిపోయినా మేడమీద గారి అమ్మగారు పీల్చే గాలి తప్పే వస్తుంది. గంట సరిచేయకుండా బరువు పెంచితే తప్పు ఇంకో చోటికి జరుగుతుంది, అంతే.

రసాయన చర్యలూ గంటను బట్టే మారతాయి. పగటి పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరి రూపంలోని సేంద్రియ పదార్థాలు ఎండలో కలిసి ఓజోన్ తయారవుతుంది. కొంత నైట్రోజన్ పాన్ అనే పదార్థంగా మారి దూరం పోయి, వేడి తగిలిన చోట విడిపోయి అక్కడ ఓజోన్‌కు కారణమవుతుంది. పెద్ద గడి ఉన్న మోడల్ చిక్కటి పొగను వెంటనే గడి అంతా పలుచన చేస్తుంది కాబట్టి ఓజోన్‌ను ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది. చీకటి పడ్డాక కథ వేరు. ఎండ లేదు, నైట్రేట్ రాడికల్ అనే చురుకైన పదార్థం పనిచేస్తుంది. కట్టె, గడ్డి పొగలోని ఫినాల్ జాతి పదార్థాలతో కలిసి గోధుమ రంగు నుసిని తయారుచేస్తుంది. మన సాయంత్రపు మంటను మధ్యాహ్నంలో పెడితే మోడల్ లేని ఓజోన్ తయారుచేసి, ఉన్న నుసిని వదిలేస్తుంది.

కాజీపేట_లోకో
అయితే పొలం అన్నకు ఏం చెప్పాలి? మధ్యాహ్నం కాల్చమనా?

యాసంగి_పొలం
చెప్పొద్దు. వడగాలిలో అగ్గి పెడితే మనుషులు కాలిపోతారు.

గాలి_లెక్క
నేనూ చెప్పను. మధ్యాహ్నం కాలిస్తే ఊరికి పొగ తగ్గొచ్చు, పక్క రైతు ఇల్లు పోవచ్చు. కాల్చకుండా ఉండే దారి దొరకాలి. దానికి బేలర్ ఏ ఊరికి ముందు రావాలి, కాలువ తడి ఒకటి ఏ మండలానికి వదలాలి అన్న ప్రశ్నలకు జవాబు కావాలి. ఎక్కడ, ఎంత, ఎప్పుడు కాలుతోందో తెలియకుండా ఆ జవాబు రాదు. ఉపగ్రహ పటంలో చుక్కలు లేవని మన జిల్లాకు సమస్యే లేదనుకుంటే బేలరూ రాదు, తడీ రాదు.

యాసంగి_పొలం
ఈ మాట నాకు నచ్చింది. కాల్చినోళ్ల మీద కేసు పెట్టడానికి కాకుండా మిషన్ తేవడానికైతే టైమ్ రాసి ఇస్తాం. ఒక టన్ను గడ్డిలో ఐదున్నర కిలోల నత్రజని ఉంటుందని మాకూ చెప్పారు. అది పొగలో పోతుంటే మాకు మాత్రం సంతోషమా?

ములుగు_తునికాకు
రైతుల పేర్లు, సర్వే నంబర్లు అక్కర్లేదు కదా?

గాలి_లెక్క
అక్కర్లేదు. ఊరు పేరు చాలు. అగ్గి పెట్టిన టైమ్, ఆరిన టైమ్, ఏ పంట, సుమారు ఎన్ని ఎకరాలు, గడ్డి ఎండిందా పచ్చిగా ఉందా, మంటగా మండిందా కుమిలిందా. కాల్చని పొలాలు కూడా రాయండి. బేలర్‌కు ఇచ్చినవి, దున్నినవి. అవి లేకపోతే కోసిన ప్రతి ఎకరమూ కాలినట్టే లెక్క వస్తుంది.

నర్సంపేట_మిర్చి
మిరప కట్టె రాయాలా? మా వైపు కాల్చడం ఇప్పటికే సగం అయిపోయింది.

గాలి_లెక్క
రాయండి. మిరప కట్టెకు విడిగా ఎవరూ గుణకం వాడడం లేదు కాబట్టి అదే ముందు కావాలి. కుప్ప ఎత్తు, ఎన్ని గంటలు పొగ వచ్చిందో కూడా.

హన్మకొండ_మేడమీద
నేను మేడ మీది నుంచి పొగ వచ్చే దిక్కు, మొదలైన టైమ్ రాస్తాను. సెన్సర్_పిచ్చి గారూ, మీ బాల్కనీ ఏ వైపు ఉందో చెబితే ఇద్దరివీ కలిపి చూడొచ్చు.

సెన్సర్_పిచ్చి
ఉత్తరం వైపు, గోపాలపూర్ దగ్గర. తేమ కొలిచేది రేపు కొంటాను.

యాసంగి_పొలం
మా ఊళ్లో ఎల్లుండి పెద్ద చెరువు కింద కోతలు. బేలర్ అడ్రస్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే పెట్టండి, అగ్గి పెట్టకముందే మాట్లాడతాను.